చన్నీళ్ల అడుగున గొంగడి

ఐస్‌లాండ్‌లోని థింగ్‌వెల్లిర్ జాతీయ వనంలో సిల్ఫ్రా అనే నీటి చీలిక ఉంది. ఉత్తర అమెరికా ఫలకం, యురేషియా ఫలకం ఒకదాని నుంచి ఒకటి జరిగిపోతున్న చోట నేల బీటవారి ఏర్పడింది. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్ల పొరల్లో దశాబ్దాల పాటు వడకట్టుకుంటూ వచ్చి ఆ చీలికలో ఊరుతుంది. నీళ్లలో వంద మీటర్ల దూరం దాకా కనిపించడానికి కారణం ఆ వడపోతే. నీరు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. మన ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో నీళ్లూ ఇంచుమించు అంతే చల్లన. ఆ నీళ్లలో అరగంటకు పైగా తిరిగి, పైకొచ్చి, ఫొటోలకి నవ్వుతూ నిలబడే జనం అక్కడ రోజూ కనిపిస్తారు.

వాళ్ల ఒంటి మీద పైకి కనిపించేది డ్రైసూట్. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతుగా పట్టి ఉండే రబ్బరు పట్టీలు, నీరు చొరని జిప్పు, పాదాలకు అతికిన బూట్లు. చూసేవాళ్లు చలిని ఆపేది అదేననుకుంటారు. నిజానికి ఎక్కువమంది వాడే పల్చటి రకం డ్రైసూట్, రెండు బట్ట పొరల మధ్య రబ్బరు పొర పెట్టి చేసినది, మన వాన కోటుకి పెద్దన్నయ్య లాంటిది. నీళ్లని బయట నిలబెట్టడం వరకే దాని పని. చలి సంగతి చూసుకోవాల్సింది దాని కింద వేసుకునే బట్టలు. డైవర్లు వాటిని అండర్‌సూట్ అంటారు. డ్రైసూట్ కొనేటప్పుడు వందసార్లు ఆలోచించేవాళ్లు దీని దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒక దళసరి స్వెట్టరు’ అనుకుని ఊరుకుంటారు. కథ అడ్డం తిరిగేది అక్కడే.

ముందు నీటి సంగతి. 20 డిగ్రీల గాలిలో చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోగలం. అదే 20 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉండమంటే పళ్లు టకటకలాడతాయి. కదలని గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు బాగా వేడిని మోస్తుంది. పైగా ఒక లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే ఒక లీటరు గాలికి పట్టేదానికి సుమారు 3500 రెట్లు వేడి పడుతుంది. ఒంటిని ఆనుకున్న నీరు ఎంత వేడి తాగినా దానికి చాలదు.

కెనడాలోని మనిటోబా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ సంగతిని తన ఒంటి మీదే ప్రయోగాలు చేసి చూశారు. మంచు నీళ్లలో పడ్డవాళ్ల కోసం ఆయన ప్రచారంలోకి తెచ్చిన లెక్క 1-10-1. మొదటి ఒక నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస కమ్ముకుంటుంది. తర్వాతి పది నిమిషాలే కాళ్లూ చేతులూ మన మాట వింటాయి. స్పృహ తప్పడానికి మాత్రం గంట దాకా పట్టొచ్చు. చలిలో మనిషి ముందుగా పోగొట్టుకునేది ప్రాణం కాదు, వేళ్లు. డైవర్‌కి ఇది చాలా పెద్ద విషయం. వాల్వ్ తిప్పాలన్నా, కొక్కెం విప్పాలన్నా, పక్కవాడికి సైగ చెయ్యాలన్నా వేళ్లే కదా దిక్కు.

మరి బట్టలు ఏం చేస్తాయి? దీనికి జవాబు మా వీధిలోకి దూది ఏకడానికి వచ్చేవాళ్ల దగ్గర ఉండేది. ఏడాదంతా పడుకోగా అప్పడంలా అణిగిపోయిన పరుపు విప్పి, ఆ దూదిని విల్లుతో ఏకితే అదే దూది చాపంతా నిండి గుట్టయ్యేది. తూకం వేస్తే తులం పెరగదు. పెరిగింది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. ఆ రాత్రి పరుపు వెచ్చగా ఉండేది. గాలిని కదలనివ్వకుండా పట్టి ఉంచే బోను బట్ట. వెచ్చదనమంతా ఆ చిక్కిన గాలిది. బోను నలిగిపోయి గాలి జారిపోయిందా, ఎంత ఖరీదైన బట్టయినా పాత పరుపే.

వెచ్చదనాన్ని కొలవడానికి ఒక కొలమానం కూడా ఉంది. 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దానికి ‘క్లో’ అని పేరు పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషిని హాయిగా ఉంచే బట్టల జత ఒక క్లో. కోటూ ప్యాంటూ వేసుకున్న గుమాస్తాని ఊహించుకుంటే సరిపోతుంది. ఇప్పుడు ఆ గుమాస్తాని సిల్ఫ్రాలో దింపి చూద్దాం. ఒంటి ఉపరితలం 1.8 చదరపు మీటర్లు. చర్మం 30 డిగ్రీల దాకా చల్లబడినా ఓర్చుకుంటాడనుకుందాం. నీళ్లు 3 డిగ్రీలు. మధ్యలో 1 క్లో బట్టలే ఉంటే ఒంట్లోంచి సుమారు 310 వాట్ల వేడి పోతూ ఉంటుంది. ఊరికే ఉన్న మనిషి ఒళ్లు పుట్టించేది 100 వాట్లు. తాపీగా ఈదితే దానికి రెండింతలో, మరికాస్తో. రాబడికి మించిన ఖర్చు అది, అప్పు పెరుగుతూనే ఉంటుంది. అదే 2 క్లోలుంటే నష్టం 155 వాట్లకు దిగుతుంది. ఊపిరితో బయటికి పోయే వేడి కలిపినా లెక్క దాదాపు కుదురుతుంది.

మెత్తని ఉన్ని లాంటి బట్టలో ఒక క్లోకి 6 మిల్లీమీటర్ల పైచిలుకు మందం కావాలి. రెండు క్లోలంటే 13 మిల్లీమీటర్లన్నమాట. ‘అంతేనా, అంత మందం బట్ట కొనేస్తే సరి’ అనిపిస్తుంది. చిక్కేమిటంటే, కొట్లో హ్యాంగరుకి వేలాడే అండర్‌సూట్ మందం వేరు, నీళ్లలో డైవర్ ఒంటి మీద దాని మందం వేరు.

పది మీటర్ల లోతుకి దిగేసరికి పీడనం రెట్టింపవుతుంది. సూట్ లోపలి గాలి సగానికి కుంచించుకుపోయి, సూట్ ఒంటికి అంటుకుపోతుంది. బిగుతు ఎక్కువైతే చర్మం మడతల్లో ఎర్రటి కమిలిన చారలు పడతాయి. అందుకే డ్రైసూట్ ఛాతీ మీద ఒక మీట ఉంటుంది. నొక్కితే సిలిండర్‌లోంచి కాస్త గాలి లోపలికి వస్తుంది. ఇక్కడ ప్రకృతి మనకి చేసిన ఒక మేలు చెప్పాలి. పీడనం పెరిగినా గాలి వేడిని మోసే గుణం దాదాపు మారదు. పోయిన గాలిని తిరిగి నింపుకుంటే పోయిన వెచ్చదనమూ తిరిగొస్తుంది, అది ఎంత లోతైనా సరే.

కానీ ఆ మేలు ఒంటికంతటికీ సమానంగా అందదు. నీళ్లలో నిటారుగా ఉన్న మనిషి పాదాలు ఛాతీ కంటే మీటరుంబావు లోతులో ఉంటాయి. సూట్‌లోని గాలి పైకి, భుజాల దగ్గరికి చేరుతుంది. కింద కాళ్లని మీటరుంబావు నీటి బరువు నొక్కుతుంది. లెక్క వేస్తే అరచేయంత జాగా మీద 12 కిలోల పైన, అంటే నాలుగు ఇటుకలు పేర్చినంత బరువు. పిక్కల మీద ఉన్న మెత్తటి బట్ట ఆ బరువుకి ఎంత మందం మిగుల్చుకుంటుంది? అండర్‌సూట్ ఎంపికలో అసలు ప్రశ్న ఇది. గాలి ఇంకా నింపితే కాళ్లకీ చేరుతుంది కదా అనొచ్చు. అంత గాలి నింపితే, ఒళ్లు అడ్డం పడ్డప్పుడు అది ఒక్కుమ్మడిగా పాదాల్లోకి పరుగెత్తుతుంది. మనిషి తలకిందులై బుడగలా పైకి తేలిపోతాడు. డ్రైసూట్ నేర్చుకునేవాళ్లకి ఆ స్థితిలోంచి బయటపడడం ఒక పాఠంగా నేర్పిస్తారు.

ఈ పరీక్షలో బాతు ఈకల జాకెట్లు తప్పిపోతాయి. నేల మీద వాటిని మించినవి లేవు. హిమాలయాలెక్కేవాళ్లు వాటినే నమ్ముకుంటారు. నొక్కితే మాత్రం గుప్పెట్లో ఇమిడిపోతాయి. సంచిలో సులువుగా మడిచి పెట్టుకోగలగడం అక్కడ మంచి గుణం, ఇక్కడ అదే లోపం. తడిస్తే ఈకలు ముద్దయిపోతాయి కూడా.

తడి అనే మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. డ్రైసూట్ అంటే పేరులో పొడి ఉంది, లోపల అంత పొడిగా ఉండదు. మణికట్టు వంచినప్పుడు స్నాయువుల పక్కనున్న సందులోంచి చుక్క చుక్క నీరు చేరుతుంది. ఒడ్డున బరువులు మోస్తూ సిద్ధమయ్యేటప్పుడు పట్టిన చెమట లోపలే ఉండిపోతుంది. ఒంటి నుంచి లేచిన ఆవిరి చల్లటి సూట్ లోపలి గోడకి తగిలి, అన్నం గిన్నె మూతకి పట్టినట్టు, నీరై దిగుతుంది. కొత్త డైవర్లు పైకొచ్చి సూట్ విప్పి, అండర్‌సూట్ పైభాగం తడిగా ఉండడం చూసి సూట్ కారుతోందని కంగారు పడతారు. చాలాసార్లు అది వాళ్ల సొంత చెమటే.

మనలాంటి వేడి దేశంవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. మనకి నూలు బనీను తల్లిలాంటిది. మే నెలలో అది చెమటని పీల్చుకుని, పట్టి ఉంచుకుని, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గుణమే చన్నీళ్లలో పగబడుతుంది. తడిసిన నూలు పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీరు నిలుస్తుంది. డైవర్ బయటి నీళ్లని తప్పించుకుని, లోపల తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నట్టే. బనీను, జీన్స్ ప్యాంటు, కాటన్ మేజోళ్లు ఏవీ డ్రైసూట్ కింద పనికిరావు.

పనికొచ్చేదేమిటో తెలంగాణలో గొర్రెలు కాసే కురుమలకి ఎప్పటినుంచో తెలుసు. దక్కని గొర్రెల నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి చేసే గొంగడిని నెత్తి మీదుగా కప్పుకుని, ముసురులో రోజంతా మంద వెంట తిరుగుతారు. గొంగడి తడుస్తుంది, బరువెక్కుతుంది, అయినా లోపల మనిషి వణకడు. ఉన్ని పోగు పైపొరకి నీటి చుక్క అంటదు. లోపలి భాగం మాత్రం ఆవిరిని తన బరువులో దాదాపు మూడో వంతు దాకా పీల్చుకుని కూడా చేతికి తడి తగలనివ్వదు. పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా వదులుతుంది. పోగు సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది కాబట్టి నొక్కి వదిలితే స్ప్రింగులా లేస్తుంది. తడిసినా నలిగినా బోను పూర్తిగా కూలిపోదు.

అందుకే డైవింగ్ చరిత్ర మొదట్లోనే ఉన్ని ఉంది. 1830ల చివర ఆగస్టస్ సీబే తయారుచేసిన మూసిన డైవింగ్ దుస్తులు, రాగి శిరస్త్రాణం వేసుకుని ఇంగ్లండ్ తీరంలో మునిగిన రాయల్ జార్జ్ ఓడ దగ్గరికి దిగిన కాలం నుంచీ, ఆ రబ్బరు గుడ్డ కింద డైవర్లు వేసుకుంటూ వచ్చింది ఉన్ని బనీన్లు, ఉన్ని మేజోళ్లు, ఉన్ని టోపీలే. తర్వాత బ్రిటన్ డైవర్లు ముద్దుగా ‘వూలీ బేర్’ అని పిలుచుకున్న బొచ్చు నైలాన్ అండర్‌సూట్ వచ్చింది. పేరుకి వూలీయే గానీ అందులో ఉన్ని లేదు. 1979లో అమెరికాలోని మాల్డెన్ మిల్స్ పాలియెస్టర్ దారంతో మెత్తటి ఫ్లీస్ బట్ట నేసింది. ఇంచుమించు అదే కాలంలో 3ఎం కంపెనీ థిన్సులేట్‌ని తెచ్చింది. ఇవి రెండూ పాత ఉన్నిని చాలావరకు పక్కకి నెట్టాయి.

ఫ్లీస్ చవక, మెత్తన, ఎటు వంగినా సాగుతుంది. పాలియెస్టర్ పోగు నీటిని తన బరువులో ఒక శాతం కూడా పీల్చదు కాబట్టి తడిసినా పిండితే ఆరిపోతుంది. అయితే పల్చటి ఫ్లీస్ ఒత్తిడికి తొందరగా లొంగుతుంది. థిన్సులేట్‌లో పోగులు మన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. సన్నని పోగులు ఎక్కువగా ఉన్నకొద్దీ గాలి చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుంటుంది, అందుకని అదే మందానికి ఎక్కువ క్లోలు దొరుకుతాయి. డైవింగ్ కోసం చేసే రకం ఒత్తిడిని గట్టిగా తట్టుకుంటుంది, తడిలోనూ నిలబడుతుంది. దాని లోపం బిగువు. సాగదు, బొంత చుట్టుకున్నట్టుంటుంది. ఈమధ్య కొన్ని ఖరీదైన అండర్‌సూట్లలో ఛాతీ దగ్గర, నడుం దగ్గర ఏరోజెల్ ముక్కలు కుడుతున్నారు. 1931లో శామ్యూల్ కిస్లర్ తయారుచేసిన పదార్థం అది. దాని రంధ్రాలు ఎంత చిన్నవంటే గాలి అణువు ఇంకో అణువుని గుద్దుకునేలోపే గోడని గుద్దుకుంటుంది, వేడి ముందుకి సాగదు. మంచిదే గానీ నా దృష్టిలో అది పెళ్లి భోజనంలో చివరి స్వీటు లాంటిది. ముందు అన్నం, పప్పు సరిగా ఉండాలి.

అన్నం, పప్పు అంటే పొరలు. ఒంటిని ఆనుకుని పల్చటి థర్మల్స్, మెరినో ఉన్నివో పాలియెస్టర్‌వో. వాటి పని చెమటని చర్మం మీద నిలవనివ్వకుండా బయటికి లాగెయ్యడం. వాటి మీద అసలు అండర్‌సూట్. మరీ చల్లటి నీళ్లయితే మధ్యలో ఒక ఫ్లీస్ చేతుల్లేని జాకెట్. పొరలుగా వేసుకుంటే సముద్రం మారినప్పుడల్లా కొత్త సూట్ కొనక్కర్లేదు. పైకీ కిందకీ ఒకటే జతగా కుట్టిన అండర్‌సూట్ నాకు మేలనిపిస్తుంది. రెండు ముక్కలదైతే వంగినప్పుడు నడుం దగ్గర చొక్కా లేచి అక్కడ చలి కొరుకుతుంది.

ఎంత దళసరిగా వేసుకుంటే అంత మంచిదా అంటే, సీసం అడ్డం పడుతుంది. 1.8 చదరపు మీటర్ల ఒంటి మీద 6 మిల్లీమీటర్ల పొర అంటే 11 లీటర్ల చోటు, దాదాపు అంతా గాలే. ఒక లీటరు గాలి ఒక కిలో నీటిని పక్కకి తోస్తుంది. నీళ్లలో నలిగి ఆ చోటు తగ్గుతుంది. అయినా మిగిలినదాన్ని ముంచడానికి నడుముకి అదనంగా సీసం కట్టుకోవాల్సిందే. పొర మార్చిన ప్రతిసారీ, లోతుకి వెళ్లకముందే ఒడ్డు పక్క నీళ్లలో ఆ బరువు మళ్లీ సరిచూసుకోవాలి. బిగుతు ఇంకో ఇబ్బంది. సూట్‌లో పట్టనంత దళసరి బట్ట కుక్కితే అది నీళ్లలో దిగకముందే నలిగిపోతుంది, మెడ వెనకున్న సిలిండర్ వాల్వ్‌కి చెయ్యి అందదు. అందుకే కొట్లో అండర్‌సూట్, డ్రైసూట్ రెండూ వేసుకుని గొంతుక్కూర్చోవాలి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి చూసుకోవాలి. పక్కవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

బట్టని పరీక్షించడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా అదిమిపెట్టి, ఎంత మందం మిగిలిందో చూడండి. వదిలేసి, ఎంత తొందరగా లేస్తుందో చూడండి. ఇంటికి తెచ్చాక ఒక మూల తడిపి పిండి మళ్లీ అదిమి చూడండి. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ జోలికి పోవద్దు. అది పోగులకి పూత పట్టి చెమట లాగే గుణాన్ని చంపేస్తుంది.

కాళ్లకి దళసరి ఉన్ని మేజోళ్లు వేసుకోవాలి, బూటు మాత్రం వదులుగా ఉండాలి. బిగిస్తే రక్తమే ఆడదు, ఇక వేడి ఎక్కడిది? చేతులకి నీరు చొరని గ్లౌజులు, వాటి లోపల ఉన్నివి. తలకి నియోప్రీన్ హుడ్. ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని ఒక మాట లోకంలో తిరుగుతోంది. అమెరికా సైన్యం పాత కరదీపికలో కనిపించిన ఆ మాట నిజం కాదు. ఒంటి ఉపరితలంలో తల వంతు పదో వంతు దాకానే, వేడిలో దాని వాటా కూడా ఇంచుమించు అంతే. అయినా హుడ్ లేకుండా దిగకూడదు. నుదుటికి మంచు నీళ్లు తగిలినప్పుడు వచ్చే తలపోటు అనుభవిస్తేనే తెలుస్తుంది.

సూట్‌లో గాలికి బదులు ఆర్గాన్ నింపితే వెచ్చగా ఉంటుందని లోతుకి వెళ్లే డైవర్లలో ఒక నమ్మకం ఉంది. కాగితం మీద సబబే. ఆర్గాన్ వేడిని మోసే శక్తి గాలిలో మూడింట రెండొంతులే. 2001లో నార్వే పరిశోధకులు చన్నీళ్లలో దింపి కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఊపిరికి హీలియం కలిపిన వాయువు వాడేవాళ్లు మాత్రం అదే వాయువుని సూట్‌లోకి ఎక్కించకూడదు. హీలియం గాలి కంటే ఆరు రెట్లు వేడి మోస్తుంది. గాలి నింపితే చాలు.

ఇక బ్యాటరీతో వేడెక్కే జాకెట్లు. ఇవి వచ్చాక అండర్‌సూట్‌ని పట్టించుకోనక్కర్లేదనుకునేవాళ్లు పెరిగారు. అమెరికా నౌకాదళపు ప్రయోగ డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన పరిశోధన వాళ్లు చదవాలి. లోతులో ఒళ్లు వెచ్చగా ఉంటే కండరాలకి రక్తం బాగా పారి, పీల్చే గాలిలోని నైట్రోజన్ ఎక్కువగా చేరుతుంది. పైకొస్తూ ఆగే మజిలీల్లో ఒళ్లు చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుని ఆ నైట్రోజన్ సరిగా బయటికి రాదు, బుడగలై కీళ్లలో, వెన్నులో జబ్బు తేవచ్చు. లోతులో వెచ్చన, మజిలీల్లో చల్లన అనే క్రమమే అన్నిటికంటే ప్రమాదమని ఆ ప్రయోగాలు తేల్చాయి. బ్యాటరీ నడి దారిలో ఆగిపోతే జరిగేది సరిగ్గా అదే. నాసిరకం అండర్‌సూట్‌తోనూ అంతే. దిగినప్పుడు అందరికీ బాగానే ఉంటుంది, చివరి పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. అండర్‌సూట్‌ని ఎంచుకోవాల్సింది ఆ చివరి పది నిమిషాల కోసం. ఫొటోలు తీసేవాళ్లు ఒకే చోట కదలకుండా ఉంటారు కాబట్టి, పక్కనే ఈదే స్నేహితుడి కంటే ఒక పొర ఎక్కువే వేసుకోవాలి.

విశాఖ రుషికొండ దగ్గర స్కూబా నేర్చుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. బంగాళాఖాతం వెచ్చన, పల్చటి వెట్‌సూట్ సరిపోతుంది. కానీ అక్కడ సరదా పడి, తర్వాత ఉద్యోగానికి సియాటిల్ చేరిన మనవాళ్ల ఎదుట ప్యూజెట్ సౌండ్ ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం 8 నుంచి 12 డిగ్రీల నీరు అది. అక్కడ డైవింగ్ కొనసాగించాలనుకుంటే కెమెరా వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు, డ్రైసూట్ అద్దెకి దొరుకుతుంది. మొదటి జీతంలోంచి తీసే డబ్బు మాత్రం అండర్‌సూట్ మీద పెట్టండి.